సూపర్ హీరో కామిక్ పిల్లల చేతికి ఇచ్చే ముందు ఎలా చూడాలి

పుస్తకాల షాపులో అడుగు పెట్టగానే పిల్లలు నేరుగా కామిక్స్ ఉన్న వైపు పరుగెత్తుతారు. అట్ట మీద స్పైడర్‌మ్యానో బ్యాట్‌మ్యానో కనిపిస్తే చాలు, "నాన్నా, ఇది కావాలి" అంటారు. ఆ హీరో మనకూ తెలిసినవాడే. కార్టూన్ చూశాం, సినిమాకు ఇంటిల్లిపాదీ వెళ్లాం. అందుకే ఒక్క పేజీ కూడా తిప్పకుండా బిల్లు కట్టేస్తాం. ఇంకొందరు తల్లిదండ్రులు కామిక్ పేరెత్తగానే "కొట్లాటలు తప్ప అందులో ఏముంది, పక్కన పెట్టు" అంటారు. కొన్నవాళ్లూ చూడలేదు, వద్దన్నవాళ్లూ చూడలేదు. ఓ అరగంట వెచ్చిస్తే ఏ కామిక్ గురించైనా మీ అంతట మీరే ఒక మాట చెప్పగలరు. ఆ అరగంటలో ఏమేం చూడాలో వరసగా చెబుతాను.

ముందు రెండు ప్రశ్నలను విడదీయండి

ఇది మంచి పుస్తకమేనా? ఇది మా ఇంట్లో, ఈ వయసు పిల్లలకు, ఇప్పుడు సరిపోతుందా? ఇవి రెండు వేరువేరు ప్రశ్నలు. వీటిని కలిపేయడం వల్లే ఎక్కువ గందరగోళం.

1986లో మొదలై 1987లో పూర్తయిన 'వాచ్‌మెన్' సంగతే చూడండి. కామిక్స్ చదివేవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకుంటారు. అలన్ మూర్ రాత, డేవ్ గిబ్బన్స్ బొమ్మలు, రెండూ గొప్పవే. సూపర్ హీరో కథల్లో ఏముందని పెద్దవాళ్లు ఎవరడిగినా నేను ఆ పుస్తకమే చదవమంటాను. కానీ అందులో అత్యాచార ప్రయత్నం ఉంది, హత్యలున్నాయి, మనుషుల మీద నమ్మకం పోయినవాళ్ల మాటలున్నాయి. పదేళ్ల పిల్లకు అది ఇచ్చే పుస్తకం కాదు. మరోపక్క, చిన్నపిల్లల కోసమని వచ్చే పుస్తకాల్లో కొన్ని సినిమా పేరును అడ్డం పెట్టుకుని హడావుడిగా అచ్చేసినవి ఉంటాయి. వాటిలో అభ్యంతరకరమైనది ఏమీ ఉండదు, ఆసక్తికరమైనదీ ఏమీ ఉండదు. అలాంటివి నాలుగు వరసగా చదివిన పిల్లలకు కామిక్స్ అంటేనే మొహం మొత్తుతుంది. కాబట్టి 'పిల్లలది' అన్నంత మాత్రాన మంచిదని అనుకోవద్దు. 'గొప్పది' అన్నంత మాత్రాన పిల్లలకు ఇచ్చేయవద్దు.

అట్ట మీద చిన్న అక్షరాలు చదవండి, కానీ అక్కడే ఆగిపోకండి

మన దేశంలో సినిమాకు సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తుంది. 2024 నుంచి యూఏలోనే 7+, 13+, 16+ అని మూడు మెట్లు కూడా వచ్చాయి. కామిక్ పుస్తకానికి అలాంటి బోర్డు లేదు. అట్ట మీద బార్ కోడ్ దగ్గరో వెనక అట్ట మూలనో కనిపించే వయసు గుర్తు పబ్లిషరు తనకు తాను వేసుకున్నదే. సినిమాకు వచ్చిన సర్టిఫికెట్‌కూ అదే హీరో కామిక్‌కూ ఏ సంబంధమూ లేదు.

ఆ గుర్తులు కూడా అందరివీ ఒకేలా ఉండవు. స్పైడర్‌మ్యాన్ పుస్తకాలు వేసే మార్వెల్ వాళ్ల పుస్తకం మీద 'ఆల్ ఏజెస్' అంటే అందరికీ, 'టీ' అంటే సుమారు 9 ఏళ్లు దాటినవాళ్లకు, 'టీ ప్లస్' అంటే 13 దాటినవాళ్లకు. ఆ పైన 'పేరెంటల్ అడ్వైజరీ' ఉంటుంది. 'మ్యాక్స్' అని ఉంటే పూర్తిగా పెద్దవాళ్లదే. బ్యాట్‌మ్యాన్ పుస్తకాలు వేసే డీసీ వాళ్లు ఏళ్ల తరబడి వాడిన పద్ధతిలో 'ఈ' అందరికీ, 'టీ' 12 దాటినవాళ్లకు, 'టీ ప్లస్' 15 దాటినవాళ్లకు, 'ఎమ్' 17 దాటినవాళ్లకు. అంటే ఒకే 'టీ ప్లస్' ఒకచోట ఎనిమిదో తరగతి పిల్లలకు, ఇంకోచోట పదో తరగతి పిల్లలకు. డీసీలో 'బ్లాక్ లేబుల్' అన్న మాట కనిపిస్తే అది పెద్దవాళ్ల వరస. అట్ట మీద బ్యాట్‌మ్యాన్ బొమ్మ ఎంత అందంగా ఉన్నా దాన్ని పిల్లల అరలో పెట్టకండి.

పాత పుస్తకాలు కొంటే తపాలా బిళ్ల ఆకారంలో ఉన్న ఒక ముద్ర కనిపించవచ్చు. దాని వెనక ఓ కథ ఉంది. కామిక్స్ వల్ల పిల్లలు చెడిపోతున్నారని 1954లో అమెరికాలో పెద్ద గొడవ జరిగింది. సెనేట్ ఉపసంఘం విచారణ కూడా పెట్టింది. ప్రభుత్వం కల్పించుకోకముందే చాలామంది పబ్లిషర్లు కలిసి కామిక్స్ కోడ్ అథారిటీ అని ఒక ఏర్పాటు చేసుకున్నారు. నేరం చేసినవాడు గెలవకూడదు, పోలీసులనూ జడ్జిలనూ చులకన చేయకూడదు, పిశాచాలూ రక్తదాహాలూ ఉండకూడదు అని పొడవాటి జాబితా రాసుకున్నారు. ఆ నియమాలు పాటించిన పుస్తకానికే ముద్ర. 1971లో అమెరికా ఆరోగ్య శాఖ కోరిక మీద మార్వెల్ సంపాదకుడు స్టాన్ లీ మాదకద్రవ్యాల వల్ల జరిగే నష్టాన్ని స్పైడర్‌మ్యాన్ కథలో చూపించారు. ఆ ప్రస్తావనే కూడదంటూ ముద్ర నిరాకరించారు. ముద్ర లేకుండానే మూడు సంచికలు బయటికొచ్చాయి. ఆ ఏడాదే నియమాన్ని సవరించుకోవాల్సి వచ్చింది. 2001లో మార్వెల్, 2011లో డీసీ ఆ ముద్రను వదిలేశాయి.

ఈ చరిత్రంతా ఎందుకు చెబుతున్నానంటే, పిల్లలకు మేలు చేసే కథకు ముద్ర దొరకని రోజులున్నాయి, ముద్ర ఉన్న పుస్తకాల్లో పసలేనివీ ఉన్నాయి. ఆ గుర్తు అందులో ఏం లేదో మాత్రమే చెబుతుంది. ఏం ఉందో మీరే పేజీలు తిప్పి తెలుసుకోవాలి.

అట్ట బొమ్మను అసలు నమ్మకండి. 1988లో వచ్చిన 'ద కిల్లింగ్ జోక్' అట్ట మీద బ్యాట్‌మ్యాన్ కథల్లోని విలన్ జోకర్ కెమెరా పట్టుకుని నవ్వుతూ ఉంటాడు. పుస్తకం పల్చగా, పేరు సరదాగా ఉంటుంది. లోపల ఒక యువతిని ఆమె ఇంటి గుమ్మంలోనే తుపాకీతో కాల్చి, ఆ స్థితిలో ఫోటోలు తీసి, వాటితో ఆమె తండ్రిని హింసిస్తాడు. బ్యాట్‌మ్యాన్ కార్టూన్లు చూసి పెరిగిన ఎనిమిదేళ్ల పిల్లాడు ఆ అట్ట చూస్తే తప్పకుండా చెయ్యి చాస్తాడు.

షాపులో, ఫుట్‌పాత్ మీద

హైదరాబాద్‌లో కామిక్ దొరికే చోట్లు ఒక్కోటి ఒక్కో రకం. ఆదివారం ఆబిడ్స్‌లో మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన పుస్తకాల గుట్టల్లో విడి సంచికలూ పాత సంకలనాలూ తగులుతుంటాయి. కోఠీ పాత పుస్తకాల దుకాణాల్లోనూ వెతకవచ్చు. శీతాకాలంలో జరిగే బుక్ ఫెయిర్‌లో పిల్లల స్టాళ్లు చాలా ఉంటాయి. హైటెక్స్‌లో కామిక్ కాన్ జరిగినప్పుడు పెద్ద కంపెనీల పుస్తకాలతో పాటు, సొంతంగా అచ్చేసుకుని తమ బల్ల దగ్గర తామే అమ్ముకునే చిత్రకారులు కూడా కనిపిస్తారు. ఇలాంటి పుస్తకాలకు చాలాసార్లు వయసు గుర్తే ఉండదు. గీసినవాళ్లు ఎదురుగానే ఉంటారు కాబట్టి "మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, ఇది చదవొచ్చా?" అని మొహమాటం లేకుండా అడగండి. ఇంతకంటే మంచి అవకాశం దొరకదు.

ఫుట్‌పాత్ మీద కొనేటప్పుడు ముందు పుస్తకాన్ని సరిగ్గా మధ్యలో తెరవండి. విడి సంచికలు పిన్ను కొట్టి కుట్టినవి. పిన్ను వదులైతే మొదట ఊడిపోయేది మధ్య కాగితమే. ఆ ఒక్క కాగితం పోతే నాలుగు పేజీల కథ పోయినట్టు. తర్వాత మాటల బుడగల అంచులు చూడండి. దొంగ అచ్చుల్లో పేజీ చుట్టూ కత్తిరింపు ఎక్కువై అక్షరాలు తెగిపోతాయి, నలుపు రంగు బూడిదలా ఉంటుంది, మొహాలు మసకబారి ఉంటాయి. అలాంటిది ఎంత చవకైనా వద్దు. పిల్లలు కళ్లు చికిలించి చదవాలి, పైగా గీసినవాళ్ల పని మనకు కనిపించదు.

కొత్త షాపులో ప్లాస్టిక్ కవర్ వేసిన పుస్తకమైతే తెరిచి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే ఆ రోజుకు కొనకండి. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలోనో మీ దగ్గర్లోని శాఖలోనో పిల్లల విభాగంలో బొమ్మల కథలు ఏమున్నాయో ఒకసారి చూసి రండి. మీ పిల్లలకు ఎలాంటి బొమ్మలు నచ్చుతాయో డబ్బు పెట్టకుండానే తెలిసిపోతుంది.

ఇంకొక్కటి. అది పూర్తి కథేనా? ఒక విడి సంచికలో కథ సాధారణంగా 20 నుంచి 22 పేజీలు ఉంటుంది, చివర 'మిగతాది వచ్చే సంచికలో' అంటుంది. ఐదారు సంచికలను కలిపి కుట్టిన సంకలనమైతే ఓ కథ పూర్తయ్యే అవకాశం ఎక్కువ. లోపలి మొదటి పేజీల్లో ఏ సంచికలు ఇందులో ఉన్నాయో అచ్చేస్తారు. అక్కడ నాలుగైదు వేరువేరు పత్రికల పేర్లు కలిసి కనిపిస్తే, అది పది మంది హీరోల కథలను ముడేసిన పెద్ద హంగామాలో ఒక ముక్క అయి ఉండవచ్చు. కొత్తగా చదివేవాళ్లకు దాని తలా తోకా అర్థం కాదు. పిల్ల "నాకు ఇంగ్లిష్ రావట్లేదేమో" అనుకుని పుస్తకం మూసేస్తుంది. నిజానికి లోపం కథ కట్టిన తీరులో ఉంటుంది.

మాటలు మూసి బొమ్మలు చదివించండి

పుస్తకం మంచిదా కాదా తేల్చడానికి నాకు తెలిసినంతలో ఇదే అన్నిటికంటే గట్టి పరీక్ష. మన పిల్లల చేతికొచ్చే సూపర్ హీరో కామిక్స్ ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. ఇంట్లో ఇంగ్లిష్ చదవని నానమ్మో అమ్మమ్మో ఉంటే ఆమె పక్కన కూర్చుని ఒక నాలుగు పేజీలు చూపించండి. చదివి వినిపించవద్దు. "ఏం జరిగిందంటావు అత్తమ్మా?" అని అడగండి, అంతే.

మంచి కామిక్ అయితే ఆమె చెప్పేస్తుంది. "ఈ పిల్లాడు ఎవరికో భయపడి దాక్కున్నాడు. ఈ పెద్దాయనకు అది తెలుసు, తెలియనట్టు కూర్చున్నాడు." పేర్లు తెలియకపోయినా ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరి మీద ఎవరికి కోపమో బొమ్మలోనే ఉంటుంది. చప్పటి కామిక్ అయితే మూడో పేజీకే "అందరి మొహాలూ ఒకేలా ఉన్నాయి, ఎవరు ఎవరో తెలియడం లేదు" అంటుంది. ఆ ఒక్క మాటతో బొమ్మల సంగతి తేలిపోయినట్టే. అందరికీ ఒకే దవడ, ఒకే కోపం, ఒకే కండలు గీసి, బట్టల రంగు మార్చి వేరే మనిషి అనిపించడం బద్ధకం.

అదే పేజీల్లో ఇంకొన్ని గమనించండి. కన్ను ఒక గడి నుంచి ఇంకో గడికి తడుముకోకుండా వెళ్తోందా? తర్వాత ఏ బుడగ చదవాలో తెలియక వేలు పెట్టి వెతుక్కోవాల్సి వస్తే పేజీ సరిగ్గా అమర్చలేదన్నమాట. కొట్లాట జరుగుతున్నప్పుడు ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలుస్తోందా? గది ఎంతుంది, కిటికీ ఎటుంది, పడిపోయినవాడు ఎటు పడ్డాడు? ఇవేవీ తెలియకుండా పేజీ నిండా మెరుపులూ గీతలూ ఉంటే ఆ హడావుడి వెనక ఏమీ లేదని అర్థం. పేజీ తిప్పేచోట ఏం పెట్టారో చూడండి. కుడి చేతి పేజీ చివరి గడిలో ఒక ప్రశ్న రేపి, తిప్పగానే జవాబు చూపించే రచయితకు తన పని తెలుసు. పిల్లలు అక్కడ ఊపిరి బిగబడతారు. అది మీ కళ్లతో చూడవచ్చు.

రాత విషయానికొస్తే, బొమ్మలో కనిపిస్తున్నదాన్నే బుడగలో మళ్లీ చెప్పిస్తున్నారా అన్నది చూస్తే చాలు. తలుపు బద్దలు కొడుతున్న బొమ్మ మీద "నేను ఈ తలుపు బద్దలు కొడతాను!" అని రాసి ఉంటే రచయితకు చిత్రకారుడి మీద నమ్మకం లేదు. 1960ల నాటి కథల్లో ఇది కొంత మామూలే, అప్పటి పద్ధతి అది. ఇప్పుడు వచ్చే పుస్తకంలో అలా ఉంటే వదిలేయండి.

దెబ్బ తగిలిన తర్వాత పేజీలో ఏముంది

సూపర్ హీరో కథలో కొట్లాట ఉండి తీరుతుంది. 1938లో సూపర్‌మ్యాన్ వచ్చినప్పటి నుంచీ ఉంది. కాబట్టి "ఇందులో హింస ఉందా?" అని అడిగితే అన్ని పుస్తకాలకూ ఒకటే జవాబు వస్తుంది, దానివల్ల మీకు ఉపయోగం లేదు. దెబ్బ ఎంత గట్టిగా పడిందని కూడా చూడకండి. దెబ్బ పడిన తర్వాతి గడి చూడండి. అక్కడ ఎవరున్నారు?

హీరో విలన్‌ను ఎత్తి ఒక భవనంలోంచి ఇవతలికి విసిరాడనుకోండి. తర్వాతి గడిలో ఆ భవనంలో పనిచేసేవాళ్లు కనిపించారా? కింద రోడ్డు మీద ఎవరైనా తల పట్టుకుని కూర్చున్నారా? హీరో ఒక్క క్షణమైనా అటు చూశాడా? చూస్తే అది మనుషుల గురించి రాసిన కథ. నగరమంతా కూలిపోయి, ఒక్క మనిషి కూడా కనిపించకుండా, హీరో చేతులు దులుపుకుని జోకు వేస్తే, పేజీలో ఒక్క రక్తపు చుక్క లేకపోయినా నేను దాన్ని పిల్లల పుస్తకం అనను. దెబ్బ ఎవరికీ తగలదు అన్నదే ఆ పుస్తకం నేర్పుతున్న పాఠం.

దీనికి నాకు అన్నిటికంటే నచ్చిన ఉదాహరణ స్పైడర్‌మ్యాన్ మొట్టమొదటి కథే. 1962లో వచ్చింది, స్టాన్ లీ రాత, స్టీవ్ డిట్కో బొమ్మలు, మొత్తం 11 పేజీలు. పీటర్ పార్కర్‌కు శక్తులు వస్తాయి, వాటితో డబ్బు సంపాదిస్తాడు, పేరు వస్తుంది. ఒక దొంగ తన పక్కనుంచే పరుగెత్తుతుంటే ఆపమని పోలీసు అరుస్తాడు. అది నా పని కాదని పీటర్ ఊరుకుంటాడు. కొన్నాళ్లకు ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు పోలీసు నిలబడి ఉంటాడు, మీ బాబాయిని ఎవరో కాల్చేశారని చెబుతాడు. గమనించండి, ఆ హత్యను బొమ్మలో చూపించలేదు. తుపాకీ పేలిన గడి లేదు, రక్తం లేదు. పీటర్ వెళ్లి హంతకుడిని పట్టుకుని, అతని మొహం దగ్గరగా చూసిన క్షణంలో కథంతా ఉంది. తాను ఆ రోజు వదిలేసిన దొంగే అతను. చివర పీటర్ ఒంటరిగా చీకట్లోకి నడిచిపోతాడు. గెలుపు సంబరం లేదు.

ఏడెనిమిదేళ్ల పిల్లలతో కూర్చుని చదవగలిగిన కథలో చావు ఉంది, తప్పు ఉంది, దానికి మూల్యం ఉంది, భయపెట్టే బొమ్మ మాత్రం లేదు. మిగతా పుస్తకాలను ఈ కొలతతో చూడండి.

ఇక్కడే ఒక జాగ్రత్త. వరసగా వచ్చే కథలను మొదటి సంపుటం చూసి ఒప్పేసుకోకండి. 2003లో మొదలైన 'ఇన్విన్సిబుల్' మొదట్లో స్కూలు పిల్లాడి కథలా, శుభ్రమైన గీతలతో, వెలుతురు రంగులతో సరదాగా సాగుతుంది. కొన్ని సంచికలు గడిచేసరికి అదే శుభ్రమైన గీతలతో శరీరాలు ఛిద్రమయ్యే బొమ్మలు వస్తాయి. రచయిత కావాలనే అలా చేశాడు, పెద్దవాళ్లకు అది బలంగా తాకుతుంది కూడా. కానీ మొదటి సంపుటం నచ్చిన పిల్లాడు రెండోది అడుగుతాడు, మూడోది తన ఫ్రెండ్ దగ్గర తెచ్చుకుంటాడు. కాబట్టి వరస కొనాలనుకుంటే మధ్య సంపుటం ఒకటి, చివరి సంపుటం ఒకటి ముందే తిరగేయండి.

మీ ఇంట్లో ఎవరెవరున్నారు

ఇక రెండో ప్రశ్న. ఇది పుస్తకం కంటే ఎక్కువగా మీ ఇంటికి సంబంధించింది. రెండు బెడ్రూముల ఫ్లాట్‌లో పన్నెండేళ్ల అక్క, ఆరేళ్ల తమ్ముడు ఒకే గదిలో పడుకుంటుంటే, అక్కకు కొన్నది తమ్ముడికీ కొన్నట్టే. వాడు చదవలేడు, కానీ బొమ్మలు చూస్తాడు, పెద్దవాళ్లకంటే ఎక్కువసేపు చూస్తాడు. అలాంటి ఇంట్లో కథ అక్క వయసుకు తగ్గట్టుంటే సరిపోతుంది, బొమ్మలు మాత్రం తమ్ముడి వయసుకు తగ్గట్టుండాలి. ఈ నియమం ఒక్కటి పెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

భయం ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. రాక్షసులను చూసి నవ్వే పిల్లలు, అమ్మానాన్న తప్పిపోయిన కథ చూసి రాత్రి లేచి ఏడుస్తారు. సూపర్ హీరోల్లో చాలామంది అనాథలే, అది గుర్తుంచుకోండి. ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయి ఉంటే, చనిపోయిన హీరో మళ్లీ బతికి వచ్చే కథలను కొన్నాళ్లు ఆపండి. "మరి తాతయ్య ఎప్పుడొస్తాడు?" అన్న ప్రశ్నకు ఏ తల్లీ తండ్రీ సిద్ధంగా ఉండరు.

ఆడవాళ్లను ఎలా గీశారో తప్పకుండా చూడండి. మగ హీరోకు తల నుంచి కాలి దాకా కవచం వేసి, పక్కన నిలబడ్డ ఆమెకు ఈత దుస్తులు తొడిగి, కొట్లాటలో కూడా నడుము తిప్పి నిలబెడితే, గీసినవాళ్లు ఆమెను మనిషిగా చూడలేదు. మీ అబ్బాయి, మీ అమ్మాయి ఇద్దరూ ఆ బొమ్మ చూస్తారు. అలాగే చెడ్డవాళ్లందరికీ నల్లటి రంగు, కాలిన మొహం, వంకర శరీరం పెట్టి, మంచివాళ్లందరినీ తెల్లగా నున్నగా గీశారేమో చూడండి. తెలుపు క్రీముల ప్రకటనలు చూసి పెరుగుతున్న మన పిల్లలకు ఆ మాట మళ్లీ ఇంకో దారిలో వినిపించక్కర్లేదు.

బూతులు చాలా పుస్తకాల్లో గుర్తుల రూపంలోనే ఉంటాయి. వాటి గురించి నేను పెద్దగా పట్టించుకోను, స్కూలు బస్సులో వినేవి అంతకంటే ఎక్కువే. తిట్టు ఎవరిని తిట్టడానికి వాడారన్నది చూస్తాను. బలవంతుడు బలహీనుణ్ని ఎగతాళి చేసి, కథ దాన్ని సరదాగా చూపిస్తే, అది నాకు అభ్యంతరం.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే రెండు పేర్లు చెబుతాను. 2014లో మొదలైన కమలా ఖాన్ 'మిస్ మార్వెల్' ఒకటి. జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ కుటుంబంలోని అమ్మాయి కథ. జి. విల్లో విల్సన్ రాశారు, ఏడ్రియన్ అల్ఫోనా గీశారు. ఇంట్లో అబ్బూ, అమ్మీ, రాత్రి బయటికి వెళ్లొద్దన్న ఆంక్షలు, అబద్ధం చెప్పి పార్టీకి వెళ్లడం, దొరికిపోవడం. హైదరాబాద్‌లో పెరిగే పిల్లలకు ఆ ఇల్లు కొత్తగా అనిపించదు, పక్క ఫ్లాట్‌లోని ఇల్లే. కాస్త పెద్ద పిల్లలకు, పదకొండు పన్నెండు దాటినవాళ్లకు బాగుంటుంది. రెండోది 'సూపర్‌మ్యాన్ స్మాషెస్ ద క్లాన్'. జీన్ లుయెన్ యాంగ్ రాత, గురిహిరు బొమ్మలు, 2019-20లో మూడు సంచికలుగా వచ్చి ఒక పుస్తకమైంది. 1946లో మెట్రోపొలిస్‌లోకి కొత్తగా వచ్చిన చైనీస్ కుటుంబాన్ని వెళ్లగొట్టాలని ముసుగులేసుకున్న జాతివిద్వేష ముఠా 'క్లాన్' చేసే ప్రయత్నాలే కథ. ఇందులో సూపర్‌మ్యాన్ మొదట్లో ఎగరడు, పరుగెడతాడు. తాను వేరేవాణ్నని ఒప్పుకోవడానికి అతనికే భయం. ఇంటి ముందు మంట పెట్టే సన్నివేశం ఉంది కాబట్టి చిన్నవాళ్లకు ఇస్తే పక్కన కూర్చోండి. పిల్లలు కచ్చితంగా "వాళ్లను ఎందుకు వద్దంటున్నారు?" అని అడుగుతారు. ఇక్కడ కొన్ని ఇళ్ల ముందు 'ఫలానావాళ్లకే అద్దెకు' అన్న మాట విన్న పిల్లలైతే ఇంకా గట్టిగా అడుగుతారు. దాచకుండా జవాబు చెప్పండి.

నప్పదని తేలితే

పుస్తకం లాక్కోకండి. సగం చదివిన కథను లాక్కుంటే మిగతా సగం ఫోన్‌లో వెతుకుతారు. దొంగ స్కాన్లు పెట్టే సైట్లలో పుస్తకం కంటే దాని పక్కన మెరిసే ప్రకటనలే ప్రమాదం. "ఇందులో ఈ రెండు పేజీలు నాకు నచ్చలేదు, ఎందుకో చెబుతా, చెప్పాక మాట్లాడుకుందాం" అనండి. పదేళ్లు దాటినవాళ్లతో ఈ మాట పనిచేస్తుంది. అంతకంటే చిన్నవాళ్లైతే ఆ చోటికి రాగానే మీరే కథ చెప్పి పేజీ తిప్పేయవచ్చు, వాళ్లకు అనుమానం రాదు.

పుస్తకం మంచిదే, వయసే చాలలేదనిపిస్తే లోపలి అట్ట మీద పెన్సిల్‌తో ఒక సంవత్సరం రాసి పై అరలో పెట్టండి. ఆ సంవత్సరం పిల్లలకు కూడా చూపించండి. దాచిపెట్టారన్న కోపం ఉండదు, ఎదురుచూస్తారు. పుస్తకమే బాగాలేదనిపిస్తే అర నింపుకోవద్దు, వచ్చే ఆదివారం ఆబిడ్స్ పట్టుకెళ్లండి. పాత పుస్తకాలు తీసుకుని మార్పిడి చేసేవాళ్లు అక్కడ ఉంటారు, "దీనికి ఇంకోటి ఇస్తావా భయ్యా" అని అడగండి. ఈసారి మాత్రం మధ్య పేజీ తెరిచి చూసే పని పిల్లలకే అప్పగించండి.